ఉచిత సభ్యత్వ ప్రొఫైళ్లు - బ్యాక్‌లింకులు: పాలమూరు సంస్థాన సాహిత్య పరిశోధనకు అన్వయం

వ్యాస సంగ్రహం:

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సంస్థాన సాహిత్యంపై వెలువడిన పరిశోధన అంతర్జాలంలో పాఠకులకు సులభంగా దొరకాలంటే, ఆ వెబ్‌పుటలకు ఇతర సైట్ల నుంచి లింకులు రావడం అవసరం. ఇందుకు సులభమార్గంగా అనేక సైట్లలో ఉచిత సభ్యత్వం తీసుకొని, అక్కడి ప్రొఫైలులో సొంత వెబ్‌సైటు చిరునామా చేర్చే పద్ధతి ప్రచారంలో ఉన్నది. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది, దాని పరిమితులు ఏమిటి, పరిశోధకునికి నిజంగా ఉపయోగపడే ప్రొఫైళ్లు ఏవి, తెలుగు లిపి వల్ల ఎదురయ్యే ప్రత్యేక సమస్యలు ఏవి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రొఫైలు లింకు పరిచయమే తప్ప ప్రమాణం కాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధానాంశం.

కీలక పదాలు: బ్యాక్‌లింకు, ఉచిత ప్రొఫైలు, నోఫాలో, పేజ్‌ర్యాంక్, ఆర్కిడ్, యూనికోడ్, సంస్థాన సాహిత్యం, గోలకొండ కవుల సంచిక.

1. ఉపోద్ఘాతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. హైదరాబాదు రాజ్యంలోని గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట సంస్థానాల కేంద్రాలు ఈ మూడు జిల్లాల పరిధిలోనే ఉన్నాయి. ‘విద్వద్గద్వాల’ అన్న ప్రశస్తి గద్వాలకు ఆస్థాన పండితుల వల్ల వచ్చింది. ఆ ఆస్థానానికి చెందిన కాణాదం పెద్దన సోమయాజి ‘ముకుంద విలాసము’, ‘అధ్యాత్మ రామాయణము’ రచించాడు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయము’ కర్త. ఆ వంశపు ఆదరణ పొందిన ఎలకూచి బాలసరస్వతి ‘రాఘవ యాదవ పాండవీయము’ అనే త్ర్యర్థి కావ్యాన్ని రచించాడు. సంస్థానాల సాహిత్యసేవపై తూమాటి దొణప్ప చేసిన పరిశోధన ‘ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము’ పేరుతో గ్రంథరూపం పొందింది. నాగర్‌కర్నూలు కేంద్రంగా కపిలవాయి లింగమూర్తి (1928-2018) పాలమూరు ప్రాంత చరిత్ర, దేవాలయాలు, సాహిత్యంపై విస్తృతంగా రచనలు చేశారు.

ఇంతటి సాహిత్యం, దానిపై ఇంతటి పరిశోధన ఉన్నా, అంతర్జాలంలో వాటిని వెతికే విద్యార్థికి దారి సుగమం కాదు. గద్వాల అన్న పేరు వెబ్‌లో ప్రధానంగా భౌగోళిక గుర్తింపు పొందిన చీరలతో ముడిపడి ఉన్నది. సంస్థాన కవులను గురించిన వ్యాసం ఎంత ప్రామాణికమైనదైనా, దానికి మరే పుట నుంచీ దారి లేకపోతే సెర్చ్ ఇంజను దానిని కనుగొనడమే ఆలస్యమవుతుంది; కనుగొన్నా ముందు వరుసలో చూపడానికి తగిన ఆధారం దానికి దొరకదు.

ఈ లోటును పూరించుకోదలచిన అధ్యాపకునికి మొదట ఎదురయ్యే సలహా ‘వంద సైట్లలో ఉచితంగా సభ్యత్వం తీసుకొని, ప్రతి ప్రొఫైలులో మీ వెబ్‌సైటు లింకు పెట్టండి’ అన్నది. ఈ పనిని రుసుము తీసుకొని చేసిపెట్టేవారూ ఉన్నారు. ఈ సలహాను యథాతథంగా స్వీకరించడమో తోసిపుచ్చడమో కాక, దాని వెనుక ఉన్న యంత్రాంగాన్ని తెలుసుకొని విలువ కట్టవలసి ఉన్నది.

2. బ్యాక్‌లింకు: భావన, పుట్టుక

ఒక వెబ్‌పుట నుంచి మరొక సైటుకు చెందిన పుటకు ఇచ్చే దారిని లింకు అంటారు. లింకు అందుకొన్న పుట దృష్టిలో అదే బ్యాక్‌లింకు. పరిశోధకులకు పరిచితమైన పరిభాషలో చెప్పాలంటే, ఒక వ్యాసం మరొక వ్యాసాన్ని ఉటంకించినప్పుడు రెండో వ్యాసానికి లభించే ఉటంకింపు వంటిది ఇది.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. శాస్త్ర వ్యాసాలను వాటికి లభించిన ఉటంకింపుల ఆధారంగా అనుసంధానించే సూచికను యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించాడు. 1964 నాటికి ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ వాడుకలోకి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వివరించిన ‘పేజ్‌ర్యాంక్’ విధానం ఈ ఆలోచననే వెబ్‌కు అన్వయించింది. గూగుల్ సెర్చ్ ఇంజనుకు తొలి పునాది ఇదే.

పేజ్‌ర్యాంక్‌లో గమనించవలసిన సూత్రాలు రెండు. మొదటిది, అన్ని లింకుల విలువ సమానం కాదు. ఇతర పుటల నుంచి ఎక్కువ లింకులు పొందిన పుట ఇచ్చే లింకుకు ఎక్కువ విలువ ఉంటుంది. రెండవది, ఒక పుట తన విలువను తాను ఇచ్చే లింకులన్నిటికీ పంచుతుంది. ఒక పుట పంచగల విలువను 10 అనుకుంటే, అందులో రెండే లింకులు ఉన్నప్పుడు ఒక్కొక్కదానికి 5 చొప్పున, ఇరవై లింకులు ఉన్నప్పుడు అర చొప్పున అందుతుంది. నేటి సెర్చ్ ఇంజన్లు పుట వరుసను నిర్ణయించడానికి ఇంకా అనేక సంకేతాలను పరిశీలిస్తున్నాయి. అయినా లింకుల పరిశీలనలో ఈ రెండు సూత్రాలు ఇప్పటికీ అవగాహనకు ఆధారం.

ఉటంకింపునకు విలువ రావడానికి కారణం అది ఇతరుల నిర్ణయం కావడమే. రచయిత తన పూర్వ వ్యాసాలను తానే పదేపదే ఉటంకించుకొంటే మూల్యాంకనంలో దానిని స్వీయోటంకనగా వేరుచేసి చూస్తారు. ప్రొఫైలు లింకు కూడా స్వభావరీత్యా స్వీయోటంకనే. సభ్యుడు తన పుటలో తన సైటు చిరునామాను తానే రాసుకొంటాడు. ఆ సైటు నిర్వాహకుడు దానిని చదివి ఆమోదించాడన్న అర్థం అందులో లేదు.

3. ఉచిత ప్రొఫైలు లింకుల పరిమితులు

అవగాహన కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. వనపర్తిలోని ఒక కళాశాల అధ్యాపకుడు సంస్థాన కవులపై వెబ్‌సైటు రూపొందించి, వంద సైట్లలో ఉచిత ప్రొఫైళ్లు సృష్టించి, అన్నింటిలో తన సైటు లింకు చేర్చాడనుకుందాం. లెక్కకు వంద బ్యాక్‌లింకులు ఏర్పడ్డాయి. కాని వాటి ఫలితాన్ని నాలుగు అంశాలు పరిమితం చేస్తాయి.

3.1 లింకుపై ఉండే గుర్తు: పాఠకుల వ్యాఖ్యల్లో ప్రకటనల లింకులు చొప్పించే ధోరణిని అరికట్టడానికి 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ సెర్చ్ ఇంజన్లు ‘నోఫాలో’ అనే గుర్తును ప్రవేశపెట్టాయి. పుట వెనుక ఉండే హెచ్‌టీఎంఎల్ సంకేతంలో ఇది లింకుకు జతపడి ఉంటుంది, చదువరికి కనిపించదు. ఈ లింకును సైటు ఆమోదంగా లెక్కించవద్దని అది సెర్చ్ ఇంజనుకు తెలుపుతుంది. 2019 సెప్టెంబరులో గూగుల్ మరో రెండు గుర్తులను చేర్చింది. వాటిలో ఒకటి చెల్లింపు లింకులకు, మరొకటి సభ్యులు స్వయంగా చేర్చిన విషయానికి ఉద్దేశించినవి. ఈ రెండవ గుర్తు పేరు ‘యూజీసీ’. అధ్యాపకులకు ఆ మూడక్షరాలు విశ్వవిద్యాలయ నిధుల సంఘాన్ని తలపించినా, ఇక్కడ అర్థం ‘వాడుకరి సృష్టించిన విషయం’ అని. అప్పటి నుంచి ఈ గుర్తులను గూగుల్ కచ్చితమైన నిషేధంగా కాక సూచనగా పరిగణిస్తున్నది. కాబట్టి నోఫాలో లింకుకు ఏ ప్రభావమూ ఉండదని చెప్పడం సరికాదు. అది ఓటుగా లెక్కకు వస్తుందన్న భరోసా లేదని చెప్పడం సరైనది. సభ్యులు చేర్చే లింకులకు ఇటువంటి గుర్తును అనేక సైట్లు తామే తగిలిస్తాయి.

3.2 సైటు ప్రతిష్ఠ, పుట ప్రతిష్ఠ: ప్రొఫైలు లింకులను సిఫారసు చేసేవారు తరచుగా ‘డొమైన్ అథారిటీ’ అంకెను చూపుతారు. ఇది మాజ్ అనే ప్రైవేటు సంస్థ రూపొందించిన కొలమానం. గూగుల్ వరుస నిర్ణయంలో వాడే అంకె కాదు. పైగా అది డొమైను మొత్తానికి సంబంధించినది. కొత్తగా సృష్టించిన ప్రొఫైలు పుటకు ఆ సైటులోని ఇతర పుటల నుంచి కూడా లింకులు దాదాపు ఉండవు. పెద్ద గ్రంథాలయంలోని సందర్శకుల పుస్తకంలో సంతకం చేసినంత మాత్రాన ఆ గ్రంథాలయ ప్రతిష్ఠ సంతకం చేసినవారికి సంక్రమించదు. ఖ్యాతి గల సైటులోని అనామక పుట అనామకంగానే ఉంటుంది.

3.3 సూచికలో చేరకపోవడం: సెర్చ్ ఇంజను ఒక పుటను దర్శించి తన సూచికలో చేర్చుకొన్న తరువాతే అందులోని విషయానికి, లింకులకు పూర్తి ప్రయోజనం ఉంటుంది. పేరు, ఊరు, లింకు తప్ప మరేమీ లేని పుటలను సూచికలో చేర్చుకోకుండా వదిలివేయడం సాధారణం. కొన్ని సైట్లు సభ్యుల పుటలను సూచికలో చేర్చవద్దని తామే సూచిస్తాయి. అప్పుడు పై ఉదాహరణలోని వంద లింకుల్లో అధికభాగం జాబితాలో తప్ప మరెక్కడా ఉండదు.

3.4 స్పామ్ విధానాలు: 2012 ఏప్రిల్‌లో గూగుల్ ‘పెంగ్విన్’ పేరుతో కృత్రిమ లింకులపై చర్య ప్రారంభించింది. తొలినాళ్లలో ఇటువంటి లింకులు గల సైట్ల వరుస దిగజారేది. 2016 నుంచి ఇది ప్రధాన గణనవిధానంలో భాగమై, చాలావరకు ఆ లింకులను లెక్కలోంచి తొలగించే పద్ధతికి మారింది. వరుసను ప్రభావితం చేయడం కోసమే సృష్టించే లింకులను గూగుల్ స్పామ్ విధానాలు తప్పుపడుతున్నాయి. లింకు కోసమే తెరిచిన ఖాతాలను ఆయా సైట్లు కూడా తొలగిస్తుంటాయి. అంటే శ్రమ వృథా కావడం సాధారణ ఫలితం. వెబ్‌సైటుకు హాని జరగడం అరుదైనా సాధ్యమైన ఫలితం.

వీటికి తోడు పరిశోధకునికి ప్రత్యేకమైన నష్టం మరొకటి ఉన్నది. ఎవరైనా అతని పేరు వెతికినప్పుడు జూదం, అప్పుల ప్రకటనలతో నిండిన సైట్లలోని ప్రొఫైళ్లు కనిపిస్తే విద్వత్ గౌరవానికి భంగం కలుగుతుంది. వంద చోట్ల ఇచ్చిన ఈమెయిలు, ఫోను నంబరు, ఒకే సంకేతపదం భద్రతకూ ముప్పు తెస్తాయి. పైగా ఉచిత వేదిక శాశ్వతం కాదు. భారతదేశంలో ఎంతో ఆదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది; గూగుల్ ప్లస్ సాధారణ వాడుకరులకు 2019 ఏప్రిల్‌లో నిలిచిపోయింది. వాటి ప్రొఫైళ్లతో పాటు అక్కడి లింకులూ పోయాయి.

4. పరిచయం, ప్రమాణం: గోలకొండ కవుల సంచిక

పరిచయానికీ ప్రమాణానికీ ఉన్న భేదం తెలుగు సాహిత్యచరిత్రలో ఒక ప్రసిద్ధ సందర్భంలో స్పష్టంగా కనిపిస్తుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అర్థం వచ్చే వ్యాఖ్యకు సమాధానంగా, గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించాడు. అందులో 354 మంది కవులకు స్థానం లభించింది. ఆయన 1926లో ప్రారంభించిన ‘గోలకొండ పత్రిక’ అప్పటికే పాఠకుల విశ్వాసం పొంది ఉండడం ఈ సేకరణకు తోడ్పడింది.

నేటి సమస్యకు నాటి సమస్యతో పోలిక ఉన్నది. కవులు లేకపోవడం కాదు, ఉన్నవారు కనిపించకపోవడమే నాటి సమస్య. అయితే ఆ సంచిక ఎందుకు ఫలించిందో గమనించాలి. కవులు తమ రచనలను తామే చేరవేసినా, వాటిని సేకరించి కూర్చి, తన బాధ్యతపై ప్రకటించిన సంపాదకుడు ఒకడున్నాడు. వివరాల వెంట కవిత్వమూ ఉన్నది; పాఠకుడు తనకు తానుగా పరీక్షించుకొనే వీలు కలిగింది. పేర్లు, చిరునామాలు మాత్రమే అచ్చువేసి ఉంటే అది జాబితాగా మిగిలేది. వాదానికి సమాధానం అయ్యేది కాదు.

ఉచిత ప్రొఫైలులో సంపాదకుడు లేడు. చాలాసార్లు రచన కూడా లేదు. అందుకే అది ‘ఈ వ్యక్తి ఇక్కడ ఉన్నాడు’ అని మాత్రమే చెప్పగలదు. ‘ఈ రచన చదవదగినది’ అని చెప్పలేదు. మొదటి మాటకూ విలువ ఉన్నది. దానిని రెండో మాటగా చూపే ప్రయత్నమే సమస్యకు మూలం.

5. పరిశోధకునికి అవసరమైన ప్రొఫైళ్లు

ప్రొఫైలు ప్రయోజనం గుర్తింపు అని అంగీకరిస్తే, ఎన్ని సైట్లలో అన్న ప్రశ్న పోయి ఏ సైట్లలో అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. తెలుగు పరిశోధకునికి కింది వేదికలు సార్థకమైనవి.

5.1 ఆర్కిడ్: 2012 అక్టోబరులో ప్రారంభమైన ఈ సేవ పరిశోధకునికి 16 స్థానాల ఉచిత గుర్తింపు సంఖ్యను ఇస్తుంది. ఇంటిపేరును కొన్నిచోట్ల పూర్తిగా, కొన్నిచోట్ల పొడి అక్షరంగా రాసే తెలుగువారికి ఇది చాలా అవసరం. ఒకే వ్యక్తి పేరు నాలుగు రకాలుగా అచ్చయినా సంఖ్య ఒక్కటే. ఇతర నామరూపాలను, తెలుగు లిపిలోని పేరును, వెబ్‌సైటు చిరునామాను ఇందులో చేర్చవచ్చు. ప్రతి వివరాన్ని పరిశోధకుడే చేర్చాడా, ఏదైనా సంస్థ చేర్చిందా అన్నది ఆర్కిడ్ చూపుతుంది. స్వయంగా చెప్పుకొన్నదానికీ ఇతరులు ధ్రువీకరించినదానికీ ఉన్న భేదాన్ని ఈ వ్యవస్థ తన నిర్మాణంలోనే పాటిస్తున్నది.

5.2 గూగుల్ స్కాలర్: 2004లో ప్రారంభమైన ఈ సేవలో 2011 నుంచి పరిశోధకుల ప్రొఫైళ్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. సంస్థ ఈమెయిలుతో ధ్రువీకరించుకొన్న ప్రొఫైలులో వ్యాసాలు, వాటి ఉటంకింపులు ఒకేచోట కనిపిస్తాయి. సొంత వెబ్‌సైటు చిరునామాకు ప్రత్యేక స్థానం ఉన్నది. స్వయంచాలకంగా చేరే వ్యాసాల్లో అదే పేరు గల ఇతరుల రచనలు కలిసే అవకాశం ఉన్నందున వాటిని అప్పుడప్పుడు సరిచూసుకోవాలి.

5.3 విద్వాన్, శోధగంగ: గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ‘విద్వాన్’ దేశంలోని అధ్యాపకుల, పరిశోధకుల వివరాల నిధి. అదే కేంద్రం నిర్వహించే ‘శోధగంగ’ సిద్ధాంతవ్యాసాల భాండాగారం. శోధగంగలో ప్రతి సిద్ధాంతవ్యాసానికి మారని చిరునామా ఉంటుంది. పరిశోధకుడు తన వెబ్‌సైటులో ఆ స్థిర చిరునామానే ఇవ్వాలి. వెతుకులాట ఫలితంగా కనిపించే తాత్కాలిక చిరునామాను ఇవ్వరాదు.

5.4 వికీపీడియా, వికీడేటా: తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైంది. ఇందులో సభ్యత్వం ఉచితమే అయినా, వాడుకరి పుట వెబ్‌సైటు ప్రచారానికి ఉద్దేశించినది కాదు. వికీపీడియా వ్యాసాల్లోని బయటి లింకులకు నోఫాలో గుర్తు ఉంటుంది; ఆంగ్ల వికీపీడియాలో 2007 జనవరి నుంచి ఇది స్థిరపడింది. కనుక బ్యాక్‌లింకు ఆశతో అక్కడికి వెళ్లడం నిష్ఫలం. కాని సంస్థాన కవులపై సరైన ఆధారాలతో సమాచారం చేర్చడం వల్ల పాఠకులు మూల వ్యాసానికి చేరుకొంటారు. తన వ్యాసాన్నే ఆధారంగా చూపవలసి వచ్చినప్పుడు, నేరుగా చేర్చడం కంటే ఆ పుటకు చెందిన చర్చాపుటలో ప్రతిపాదించి ఇతర వాడుకరులకు నిర్ణయాన్ని వదలడం ఉచితం.

5.5 ఇంటర్నెట్ ఆర్కైవ్: స్వేచ్ఛగా పంచడానికి హక్కులున్న గ్రంథాలను, స్వీయ రచనలను ఇక్కడ భద్రపరచవచ్చు. ఇక్కడ సభ్యుని పేరు కంటే అతడు చేర్చిన గ్రంథమే ముఖ్యం. గ్రంథ వివరణలో కర్త, సంవత్సరం, సంస్థానం, జిల్లా పేర్లు సరిగా ఇస్తే ఆ పుట స్వతంత్రంగా ఉపయోగపడుతుంది.

వీటితో పాటు కళాశాల వెబ్‌సైటులోని అధ్యాపకుల వివరాల పుట అత్యంత ముఖ్యమైనది. దానిని సంస్థ నిర్వహిస్తుంది. అందులోని లింకుకు సంస్థ బాధ్యత ఉంటుంది. లింకు రెండువైపులా ఉండడం మేలు. వెబ్‌సైటులోని పరిచయపుట నుంచి ఈ ప్రొఫైళ్లకు, ఈ ప్రొఫైళ్ల నుంచి వెబ్‌సైటుకు దారి ఉన్నప్పుడు, ఇవన్నీ ఒకే వ్యక్తికి చెందినవని యంత్రాలు గుర్తించడం సులభమవుతుంది.

6. తెలుగు లిపి, స్థలనామాలు: ప్రత్యేక సమస్యలు

ఆంగ్ల సైట్లను దృష్టిలో ఉంచుకొని రాసిన మార్గదర్శకాల్లో కనిపించని కొన్ని చిక్కులు తెలుగు పుటలకు ఉన్నాయి.

6.1 చిరునామా పొడవు: వెబ్‌పుట చిరునామాలో తెలుగు అక్షరాలు ఉన్నప్పుడు, అది శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మారుతుంది. యూనికోడ్‌లోని ఒక్కొక్క తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, చిరునామాలో తొమ్మిది గుర్తులు అవుతుంది. ‘గద్వాల’ అన్న మాటలో గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల అనే ఆరు సంకేతాలు ఉన్నాయి. అంటే ఆ ఒక్క మాట చిరునామాలో 54 గుర్తులు ఆక్రమిస్తుంది. ప్రొఫైలులోని గడికి పొడవు పరిమితి ఉంటే చిరునామా మధ్యలో తెగి లింకు పనిచేయదు. అందువల్ల పుట శీర్షిక తెలుగులో ఉంచి, చిరునామాను రోమన్ అక్షరాల్లో క్లుప్తంగా ఉంచడం ఆచరణయోగ్యం.

6.2 కనిపించని గుర్తు: ‘నాగర్‌కర్నూలు’ అన్న మాటలో రకారపొల్లు తరువాతి కకారంతో కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపడానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు చేరుస్తారు. దీనిని సున్నా వెడల్పు విభాజకం అనవచ్చు. ఈ గుర్తు ఉన్న చిరునామా, లేని చిరునామా కంప్యూటరుకు రెండు వేర్వేరు చిరునామాలు. ప్రొఫైలులో చేతితో టైపు చేసినప్పుడు ఈ తేడా వల్ల లింకు విఫలం కావచ్చు. బ్రౌజరు నుంచి చిరునామాను నకలు చేసి అతికించి, సభ్యత్వం లేని మరొక యంత్రంలో తెరిచి చూడాలి.

6.3 ఖతుల సమస్య: అను వంటి యూనికోడేతర ఖతులతో పేజీమేకర్‌లో కూర్చిన వ్యాసాలు పీడీఎఫ్‌గా మారినప్పుడు కంటికి తెలుగుగానే కనిపిస్తాయి. కాని లోపల ఉన్న సంకేతాలు రోమన్ అక్షరాలకు, ఇతర గుర్తులకు చెందినవి. సెర్చ్ ఇంజనుకు అందులో ‘సురభి మాధవరాయలు’ అన్న పేరు ఎక్కడా దొరకదు. ఇటువంటి పుటకు వెయ్యి లింకులు వచ్చినా పాఠకుడు వెతికే మాటతో దానికి సంబంధం కుదరదు. లింకుల కంటే ముందు జరగవలసిన పని వ్యాసాన్ని యూనికోడ్‌లోకి మార్చడం. కనీసం శీర్షిక, సంగ్రహం, కీలకపదాలు యూనికోడ్‌లో పుటపై ఉండాలి.

6.4 స్థలనామ భేదాలు: గద్వాల, గద్వాల్ రెండూ వాడుకలో ఉన్నాయి. వనపర్తిని రోమన్ లిపిలో డబ్ల్యూతోనూ వీతోనూ రాస్తారు. చివరి అక్షరం కూడా మారుతుంది. జటప్రోలు సంస్థానం రాజధాని తరువాత కొల్లాపురం కావడంతో రెండు పేర్లూ ప్రచారంలో ఉన్నాయి. 2016కు ముందు వెలువడిన అనేక రచనలు ఈ ఊళ్లను మహబూబ్‌నగర్ జిల్లా కింద పేర్కొంటాయి. కాబట్టి ప్రొఫైలులోని పరిశోధనాంశాల వద్ద ప్రస్తుత జిల్లా పేరుతో పాటు ‘పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా’, ‘పాలమూరు’ అన్న పేర్లను సహజమైన వాక్యంలో చేర్చడం ప్రయోజనకరం. పేర్లను కుప్పగా పోయడం మాత్రం స్పామ్ లక్షణం.

7. ప్రమాణమైన లింకులకు మార్గాలు

ప్రొఫైలు ఇవ్వలేని ఆమోదాన్ని ఇతరుల స్వతంత్ర నిర్ణయం ఇస్తుంది. ఆ నిర్ణయానికి అవకాశం కల్పించే పనులు పరిశోధకుని చేతిలో ఉన్నాయి.

మొదటిది, ఇతరులకు మళ్లీమళ్లీ అవసరమయ్యే వనరును రూపొందించడం. ఐదు సంస్థానాల ఆస్థానకవుల పట్టిక, వారి కృతులు, అంకితం పొందిన ప్రభువులు, ముద్రిత ప్రతుల వివరాలు, ప్రతులు లభించే గ్రంథాలయాలు ఒకే పుటలో క్రమంగా ఉంటే ఆ రంగంలో పనిచేసే ప్రతి పరిశోధకుడూ దానిని ఉటంకించవలసి వస్తుంది. ఇది ఒక్కటే వంద ప్రొఫైళ్ల కంటే మేలైన లింకులకు మూలం కాగలదు.

రెండవది, సంస్థల మధ్య అనుసంధానం. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని తెలుగు శాఖలు, కళాశాలలు తమ పుటల్లో పరస్పరం పరిశోధన వనరులను పేర్కొంటే అవి అర్థవంతమైన లింకులవుతాయి. ‘నీవు నాకు, నేను నీకు’ అన్న ఒప్పందంగా కాక, విషయసంబంధం ఉన్నచోటనే ఇది జరగాలి. జిల్లా అధికారిక వెబ్‌సైట్లలో చరిత్ర, సంస్కృతి పుటలు ఉంటాయి. అక్కడ కనిపించిన వాస్తవదోషాన్ని ఆధారాలతో తెలియజేయడం పరిశోధకుని సామాజిక బాధ్యత కూడా.

మూడవది, ఉటంకించే పద్ధతిని మార్చుకోవడం. తెలుగు వ్యాసాల్లో ఉపయుక్త గ్రంథాల పట్టికలో గ్రంథనామం ఇస్తారు గాని, అది వెబ్‌లో లభిస్తున్నప్పుడు పనిచేసే లింకు ఇవ్వడం అరుదు. ప్రతి పరిశోధకుడు తాను వాడిన తెలుగు వనరులకు లింకు ఇవ్వడం అలవరచుకొంటే, ఆ ఉటంకింపుల వల్ల ఇతరులకూ, ఇతరుల ఉటంకింపుల వల్ల తనకూ మేలు జరుగుతుంది.

ఫలితాన్ని పరిశీలించడానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా లభిస్తుంది. అందులోని లింకుల నివేదిక ఏయే సైట్ల నుంచి లింకులు ఉన్నాయో కొంతవరకు చూపుతుంది. నోఫాలో లింకులు కూడా అందులో కనిపిస్తాయి కాబట్టి అక్కడి సంఖ్యను విలువగా భావించరాదు. ఏ మాటలు వెతికి పాఠకులు పుటకు వచ్చారన్న నివేదిక పరిశోధకునికి మరింత ఉపయోగకరం. ‘చంద్రికా పరిణయము’ అని వెతికినవారికి ఆ వ్యాసం చేరిందా లేదా అన్నదే అసలు కొలమానం.

8. ముగింపు

పై వివరణ నుంచి కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. ఉచిత సభ్యత్వ ప్రొఫైలులోని లింకు స్వయంగా ఇచ్చుకొన్న పరిచయం. ఇతరులు ఇచ్చిన ఉటంకింపుతో దానిని సమానంగా లెక్కించలేము.

2. నోఫాలో, యూజీసీ గుర్తులు, ప్రొఫైలు పుటల బలహీనత, సూచికలో చేరకపోవడం, స్పామ్ విధానాలు ఇటువంటి లింకుల ప్రభావాన్ని బాగా తగ్గిస్తాయి. కనుక వాటి సంఖ్యను పెంచడానికి డబ్బు, సమయం వెచ్చించడం వ్యర్థం.

3. ఆర్కిడ్, గూగుల్ స్కాలర్, విద్వాన్, సంస్థాగత పుట వంటి కొద్ది ప్రొఫైళ్లు పరిశోధకుని గుర్తింపునకు, పాఠకునికి దారి చూపడానికి తప్పక అవసరం. వాటిలో పేరు, చిరునామా ఒకే విధంగా ఉంచి, ఏడాదికి ఒకసారైనా సరిచూసుకోవాలి.

4. తెలుగు పుటల విషయంలో యూనికోడ్ పాఠం, పనిచేసే చిరునామా, స్థలనామాల పాత, కొత్త రూపాలు అన్నవి లింకుల సంఖ్య కంటే ముందు శ్రద్ధ వహించవలసిన అంశాలు.

5. సంస్థాన సాహిత్య పరిశోధనకు స్థిరమైన బ్యాక్‌లింకులు రావాలంటే ఇతరులు ఉటంకించక తప్పని వనరులను నిర్మించాలి; ఇతరుల వనరులను లింకులతో ఉటంకించాలి.

1934లో 354 మంది కవులను ఒకచోట చేర్చిన సంచిక కవులు లేరన్న మాటను రచనలతోనే తిప్పికొట్టింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పరిశోధకుల ముందు నేడు ఉన్న కర్తవ్యం కూడా అటువంటిదే. తమ పేర్లను వంద చోట్ల నమోదు చేసుకోవడం కంటే, తమ ప్రాంత కవుల కృతులను వెతికినవారికి దొరికే విధంగా ఒకచోట సక్రమంగా ఉంచడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.